మట్టికట్ట సంరక్షణ – 5వ పాఠం: ఊటను మూయకండి, తూము దగ్గర ఈదకండి

ఈ పాఠంలో కార్తీక వనభోజనాల సంగతి చెబుతానని మాట ఇచ్చాను. సొంత చెరువు నిండుగా ఉన్నప్పుడు చుట్టాలు వస్తారు, పడవ దించుతారు, పిల్లలు నీళ్లలోకి దిగుతారు. ఆ రోజుకు కట్టను ఎలా సిద్ధం చేయాలో, మనుషులను ఎలా కాపాడుకోవాలో చెప్పాలనుకున్నాను. తప్పకుండా చెబుతాను. ముందు నాలుగో పాఠం తెచ్చిపెట్టిన చిక్కు తీరాలి.

పోయినసారి కట్ట వెలుపలి వాలు కింద, పాదం పొడవునా నడిచి తడి చోట్లు వెతకమన్నాను. వెతికారు. గుణుపురం వైపు నుంచి ఇద్దరు, పర్లాకిమిడి దగ్గర నుంచి ఒకరు, రాయగడ నుంచి ఒకరు దొరికాయని ఫోను చేశారు. నలుగురిలో ముగ్గురు నాకు చెప్పేలోగానే ఆ చోటును మూసేశారు. ఒకరు బంకమట్టి వేసి తొక్కించారు. ఒకరు సిమెంటు పూశారు. ఇంకొకరు టార్పాలిన్ పరిచి రాళ్లు పేర్చారు. ముగ్గురూ "నీరు ఆగిపోయిందండీ" అని సంతోషంగా చెప్పారు. పది రోజులకు సిమెంటు పూసిన కట్టలో తడి రెండు అడుగులు పైకి ఎక్కి, వాలు మధ్యలో కనిపించింది. చూడమన్నాను గానీ, చూశాక ఏం చేయకూడదో చెప్పలేదు. ఆ లోపం నాది.

మట్టికట్ట ఊరుతుంది. ఊరని మట్టికట్టను నేను ఇంతవరకు చూడలేదు. చెరువులో నీరు ఎంత ఎత్తున ఉంటే అంత ఒత్తిడితో మట్టి గింజల సందుల్లోంచి నడిచి, పాదం దగ్గర బయటపడుతుంది. ఆ దారి చివర మూత పెడితే వెనక నుంచి వచ్చే నీరు ఆగదు, కట్ట లోపలే నిలుస్తుంది. నిలిచేకొద్దీ లోపలి తడి మట్టం పైకి లేస్తుంది. పొడిగా ఉండాల్సిన వెలుపలి మట్టి నాని, బరువెక్కి, పట్టు తప్పి జారుతుంది. అది ఒక ప్రమాదం. రెండోది ఇంకా పెద్దది. అణిగిన నీరు ఎక్కడో ఒక బలహీనమైన చోటు చూసుకుని, మట్టి గింజలను మోసుకుంటూ బయటపడుతుంది. గింజ పోయిన చోట సందు పెరుగుతుంది, పెరిగిన సందులోకి మరింత నీరు వస్తుంది. ఇలా బుంగ బయటి నుంచి చెరువు వైపు వెనక్కి తవ్వుకుంటూ పోతుంది. మన పనివాళ్లు గండిని ఒడియాలో ఘాయి అంటారు. చాలా ఘాయిలు వేలు దూరేంత బుంగతోనే మొదలయ్యాయి.

బుంగ ఎంత వేగంగా పెరుగుతుందో తెలియాలంటే అమెరికాలో టీటన్ ఆనకట్ట సంగతి వినాలి. తొంభై మీటర్లు దాటిన మట్టి ఆనకట్ట, మొదటిసారి నీరు నింపుతున్నారు. 1976 జూన్ 5న ఉదయం బురద నీటి ఊట కనిపించింది, మధ్యాహ్నం పన్నెండు కాకుండానే కట్ట కూలింది. ఇంజినీర్లు, బుల్డోజర్లు అక్కడే ఉన్నా ఆపలేకపోయారు. మన పదిహేను అడుగుల కట్టకు అంత నీరు ఉండదు, నిజమే. కింద గెడ్డ (వాగు) పక్కన పొలంలో నాట్లు వేసే మనుషులు మాత్రం ఉంటారు.

మరి ఊటను ఏం చేయాలి? నీటిని పోనివ్వాలి, మట్టిని పోనివ్వకూడదు. గడ్డి మాత్రం చెక్కి, తడి మట్టిని కదపకుండా దాని మీద జానెడు మందం ముతక ఇసుక వేయండి. దాని మీద జానెడు గులకరాయి, ఆపైన పిడికెడు సైజు రాళ్లు. కింద సన్నం, పైకి ముతక. ఒక పొర గింజ పై పొర సందులోంచి జారిపోకూడదు, అంతే సూత్రం. నేరుగా పెద్ద రాళ్లు పోస్తే మట్టి వాటి సందుల్లోంచి హాయిగా కొట్టుకుపోతుంది. వడపోతకు దొరికే గుడ్డ కూడా ఉంది. నాకు మాత్రం వంశధార ఇసుక మీదే నమ్మకం, ఎందుకంటే అది పూడుకుపోతే పార తీసి మార్చుకోవచ్చు. బుగ్గలా పైకి ఉబికే ఊట అయితే చుట్టూ ఇసుక బస్తాలతో బావి గట్టులాగా కట్టండి. లోపల నీరు కొంత ఎత్తుకు నిలిచి, ఉరవడి తగ్గి, తేటబడే వరకు బస్తాలు పెంచండి. పైన ఒక చోట నీరు పొర్లడానికి దారి వదలండి. పూర్తిగా మూస్తే మళ్లీ సిమెంటు కథే.

ఊట పెరగకుండా, తేటగా ఉన్నంత వరకు కాపలా కాస్తే చాలు. మసకబారితే వెంటనే కింది ఊరికి చెప్పండి, తూము తెరవండి, ఇంజినీరును పిలవండి, ఈ వరుసలోనే. మామూలు రోజుల్లో చెరువును రోజుకు అడుగుకు మించి దించవద్దంటాను, ఎందుకంటే నానిన లోపలి వాలు నీటి ఊతం పోయి జారుతుంది. బురద ఊట మొదలైన రోజున ఆ లెక్క చూడకండి.

సిమెంటు పూసినవారు పూతను ఇప్పుడే పగలగొట్టకండి. ముందు నీటి మట్టం మెల్లగా దించి, ఆ తరువాత తీసి, ఇసుక పొరలు వేయండి.

ఇక వనభోజనాలు. అలుగుకు, అంటే మిగులు నీరు పొర్లిపోయే దారికి, అడ్డంగా చేపల వల కట్టకూడదని, కట్ట మీద మోటారు సైకిళ్లు నడపకూడదని, పడవలో ప్రతివారికీ లైఫ్ జాకెట్ ఉండాలని మళ్లీ చెప్పనక్కరలేదు. కాలం గురించి ఒక్క మాట. తుపానుల్లో ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. కార్తీకం మొదలయ్యే రోజుల్లోనే మన చెరువులు అంచుదాకా నిండి ఉంటాయి. పడవ బాగా తేలుతుందని అలుగు మీద ఇసుక బస్తాలు పేర్చి మరో అడుగు నీరు నిలపకండి. కట్ట తలకూ నీటికీ మధ్య వదిలిన ఆ జాగాయే తుపాను రాత్రికి మీకున్న ఆధారం.

నన్ను అన్నిటికంటే బాధించేది తూము దగ్గర ఈత. మన వైపు మదుము అన్నా అదే. ఇక్కడ నీరు పైన నిశ్చలంగా ఉంటుంది. సుడి కనబడదు, చప్పుడు వినబడదు. అందుకే పిల్లలు తూము స్తంభం ఎక్కి దూకుతారు, పెద్దలు కింద నిలబడి నవ్వుతారు. లెక్క చూడండి. పైపు నోరు ముప్పై సెంటీమీటర్ల వ్యాసం, దాని మీద మూడు మీటర్ల నీరు. మూడు మీటర్ల నీటి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 0.3 కిలోలు. నోటి వైశాల్యం సుమారు 707 చదరపు సెంటీమీటర్లు. తూము తెరిచి ఉండగా ఒక మనిషి వీపు ఆ నోటికి అతుక్కుంటే అతణ్ని పట్టి ఉంచే బలం 212 కిలోలు. రెండు క్వింటాళ్లకు పైగా బరువు మీద వేసి లేవమన్నట్టు. పైపు సగం వ్యాసమే, పదిహేను సెంటీమీటర్లే అయినా 53 కిలోలు. పిల్లవాడి కాలు దూరడానికి అది చాలు. రెండు మీటర్ల నీరే ఉందంటారా, పెద్ద పైపుకు అప్పుడూ 141 కిలోలు. ఎంత గజ ఈతగాడైనా ఈ బలంతో పోరాడలేడు, పైనుంచి తాడు వేసి లాగినా ఊడిరాడు. వాల్వు కట్ట వెలుపల ఉంటే ముందు దాన్ని మూయాలి. పైపు నిండి లోపలా బయటా ఒత్తిడి సమమైతేనే మనిషి వదులుతాడు.

కాబట్టి మనుషులు నీళ్లలో ఉన్న రోజున తూము మూసి, చక్రానికి గొలుసు వేసి, తాళంచెవి మీ జేబులో పెట్టుకోండి. పక్క పొలం రైతు మధ్యాహ్నం వచ్చి నీరు అడుగుతాడు. ముందురోజే ఇచ్చేయండి. పైపు నోటి చుట్టూ ఇనుప చువ్వల పంజరం బిగించండి. చదునైన జల్లెడ వద్దు, అదీ మనిషిని పట్టేస్తుంది. పంజరం పైపు నోటికి కనీసం పది రెట్లు వైశాల్యంతో ఉండేలా నేను చేయిస్తాను. పెద్ద పంజరంలో నీరు నెమ్మదిగా దూరుతుంది. స్తంభం చుట్టూ పది మీటర్ల దూరంలో తాడుకు ఖాళీ డబ్బాలు కట్టి గిరి గీయండి.

సాయంత్రం దీపాలు వదిలే ఆడవాళ్లకు రాతి వాలు మీద దిగే పని పెట్టకండి. పాచి పట్టిన రాయి మీద పట్టుచీరతో కాలు నిలవదు. కట్టకు దూరంగా, లోతు తక్కువ ఒడ్డున మెట్లు కట్టి గుంజ పాతండి.

సాధన: నేటి నుంచి 21 రోజులు, రోజూ ఉదయం ఆరింటికి. పాదం దగ్గర ఊటను చిన్న కాలువలోకి మళ్లించి, పది లీటర్ల బకెట్ నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాయండి. నలభై సెకన్లు పడితే సెకనుకు పావు లీటరు. అదే నీటిని గాజు సీసాలో పట్టి, మర్నాటి దాకా కదపకుండా ఉంచి, అడుగున ఎంత మడ్డి దిగిందో చూడండి. మసక ప్లాస్టిక్ సీసాలో సన్నని మడ్డి కనబడదు. చెరువు మట్టం, ముందురోజు వాన పక్కనే రాయండి. వాన లేకుండా, మట్టం పెరగకుండా ఊట పెరిగితే ఆరోజే నాకు ఫోను చేయండి. ఒక్క రోజు తప్పినా లెక్క మొదటి నుంచి మొదలుపెట్టండి.

ఇంత కష్టం ఎందుకంటే, మీ కట్టను చూడడానికి ఎవరూ రారు. 2021 ఆనకట్టల భద్రతా చట్టం పదిహేను మీటర్లు దాటిన వాటికీ, పది నుంచి పదిహేను మధ్య కొన్ని షరతులకు లోబడిన వాటికీ వర్తిస్తుంది. మీది అయిదు మీటర్లు కూడా ఉండదు. కార్వేటినగరం జమీందారు చెరువులు తెగి రైలు కట్టడాలు దెబ్బతిన్నప్పుడు మద్రాసు రైల్వే కంపెనీ దావా వేసింది. 1874లో ప్రివీ కౌన్సిల్ (లండన్‌లోని నాటి ఆఖరి అప్పీలు కోర్టు) జమీందారును బాధ్యుణ్ని చేయలేదు. ఆ చెరువులను నిలబెట్టడం ప్రజల కోసం ఆయన మీదున్న బాధ్యత కాబట్టి, నిర్లక్ష్యం రుజువైతేనే నష్టం ఇవ్వాలంది; అది రుజువు కాలేదు. మీ జాగ్రత్తకు సాక్ష్యం ఆ నోటుపుస్తకమే. అందుకే పెన్సిలుతో కాక పెన్నుతో, తేదీ వేసి రాయండి.

ఆరో పాఠానికి టేపు, తాడు, నీటి మట్టం గొట్టం తెచ్చుకోండి. అలుగు వెడల్పు కొలుద్దాం.