ఆర్ఎక్స్ 100 నుంచి మోటోక్రాస్ బండి దాకా: ఏ సంవత్సరందో, పార్టులు దానివేనో ఎలా తేల్చుకోవాలి?

దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి వైపు పాత టూ స్ట్రోక్ బండి అమ్మకానికి వచ్చిందంటే మొదట వినిపించే మాట "జపాన్ ఇంజిన్ సార్, ముట్టుకోలేదు". ట్యాంకుకు కొత్త రంగు, పక్క డబ్బాలకు కొత్త స్టిక్కర్లు ఉంటాయి. రంగూ స్టిక్కరూ ఏ బండికైనా వేయొచ్చు. నమ్మాల్సినవి మూడే: లోహం మీద కొట్టిన నంబరు, పోతలో (కరిగిన లోహాన్ని అచ్చులో పోసినప్పుడు) వచ్చిన అక్షరం, వర్నియర్ (సన్నటి కొలతలు చూపే పరికరం) చూపించే కొలత. ముప్పై ఏళ్లు దాటిన బండికి ఒకే వయసు ఉండదు. ఆర్సీది ఒకటి, చాసిస్‌ది ఒకటి, బ్లాక్‌ది (పిస్టన్ ఆడే సిలిండర్‌ది) ఒకటి, చక్రాలది ఇంకొకటి. అందుకే బండిని మొత్తంగా చూసి సంవత్సరం చెప్పడం కుదరదు, ఒక్కో ముక్కను విడిగా చూడాలి.

వెంట తీసుకెళ్లాల్సినవి: 150 మిల్లీమీటర్ల వర్నియర్, ఫీలర్ గేజ్ (సన్నటి సందులు కొలిచే రేకులు), ప్లగ్ పానా, టార్చి, కొంచెం థిన్నర్, మెత్తటి గుడ్డ, తెల్ల కాగితం, పెన్సిల్.

మొదటి మెట్టు: కాగితం

యమహా ఆర్ఎక్స్ 100 మన దేశంలో 1985 చివర్లో వచ్చింది, 1996లో ఆగిపోయింది. తర్వాత ఆర్ఎక్స్‌జీ, ఆర్ఎక్స్ 135, ఆర్ఎక్స్‌జెడ్ వచ్చాయి. ఆర్సీలో రిజిస్ట్రేషన్ తేదీ వేరు, తయారైన నెల, సంవత్సరం వేరు. చూడాల్సింది రెండోది. షోరూమ్‌లో మిగిలిన బండి 1997లో రిజిస్టర్ కావడంలో వింత లేదు. కానీ తయారైన సంవత్సరం 2001 అని ఉండి, డబ్బా మీద ఆర్ఎక్స్ 100 అని ఉంటే అది స్టిక్కరు మార్చిన 135 అయ్యే అవకాశమే ఎక్కువ. సీసీ గడి కూడా చదవండి. 98 అని ఉందా, 132 అని ఉందా?

నంబరు ప్లేటు కూడా కొంత చెబుతుంది. 1989 జులై 1న కొత్త మోటారు వాహనాల చట్టం అమల్లోకి వచ్చాకే జిల్లా అంకె ఉన్న నంబర్లు వచ్చాయి. ఉమ్మడి నల్లగొండకు ఏపీ 24, ఉమ్మడి మహబూబ్‌నగర్‌కు ఏపీ 22. అంతకు ముందు బండ్లకు మూడు అక్షరాల పాత నంబర్లే ఉండేవి. కాబట్టి 1987 బండి అని చెప్తూ ఏపీ 24 నంబరు చూపిస్తే, మళ్లీ ఎప్పుడు, ఎందుకు రిజిస్టర్ చేయించారో అడగాలి. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాయి. అందువల్ల ఏపీ 24 బండి యజమాని సూర్యాపేటలోనో భువనగిరిలోనో, ఏపీ 22 బండి యజమాని వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్‌లలోనో ఉండొచ్చు. పాత పుస్తకం ఆర్సీల వివరాలు ఆన్‌లైన్‌లో కనిపించకపోతే కంగారు వద్దు, ఆర్టీఏ ఆఫీసులో రికార్డు చూపించుకోండి. సొంత బండి రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. అది ఎక్కడ ఆగిపోయిందో బేరానికి ముందే తెలియాలి.

రెండో మెట్టు: చాసిస్, ఇంజిన్ నంబర్లు

చాసిస్ నంబరు హ్యాండిల్ తిరిగే మెడ గొట్టం మీద, ఇంజిన్ నంబరు క్రాంక్‌కేసు (బ్లాక్ కింద ఉండే ఇంజిన్ పెట్టె) మీద ఎత్తుగా వదిలిన చదును చోట ఉంటుంది. ఆర్ఎక్స్ 100కు ఈ నంబర్లు 1ఎల్1 తో మొదలవుతాయి. ఆ మూడు అక్షరాలు మోడల్‌ను చెబుతాయి గానీ సంవత్సరాన్ని చెప్పవు. ఏళ్ల తరబడి అదే కోడ్‌తో బండ్లు వచ్చాయి. "1ఎల్1 ఉంది కాబట్టి మొదటి లాటు బండి" అనే మాటకు ఆధారం లేదు. సంవత్సరం కోసం తర్వాతి వరుస నంబరును ఆర్సీలోని తయారీ నెలతో కలిపి చూడాలి.

నంబరు చుట్టూ మట్టిని థిన్నర్ గుడ్డతో తుడవండి. వైర్ బ్రష్ వాడొద్దు, గీతలు పడ్డాక అసలు గీత ఏదో కొత్త గీత ఏదో తెలియదు. తర్వాత కాగితం గట్టిగా అదిమి, పెన్సిల్‌ను పక్కకు వాల్చి రుద్దండి. ఆర్టీఏ ఫారాల మీద చాసిస్ ప్రింట్ తీసేది ఇలాగే. కంటికి కనిపించని తేడా కాగితం మీద తేలుతుంది. ఒక అంకె లోతు, పక్క అంకె పైపైన ఉండటం, వరుస వంకర పోవడం, అంకెల మధ్య ఖాళీ మారడం, 3ను 8 చేసినట్టు ఒక వైపు గీత సన్నగా ఉండటం, అంకెల కింద ఒకే దిశలో గ్రైండర్ చారలు ఉండటం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, మెడ గొట్టం చుట్టూ కొత్త వెల్డింగ్ ఉన్నా, ఆ బండి వదిలేయండి. ఎంత తక్కువకు ఇచ్చినా సరే, నంబరు చెరిపిన బండిని తర్వాత ఎవరూ సరిచేయలేరు.

ఇంజిన్ నంబరు ఆర్సీతో కలవకపోతే అది దొంగ బండే అని కాదు. క్రాంక్‌కేసు పగిలి స్క్రాప్ నుంచి వేరేది వేసి ఉండొచ్చు. కానీ ఇంజిన్ మార్పు ఆర్సీలో ఎక్కాలి. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం రోడ్డు బండిని కంపెనీ వివరాలకు భిన్నంగా మార్చడానికి వీల్లేదు. గుట్టల్లో తిప్పడానికి మార్చిన బండికీ ఇదే వర్తిస్తుంది.

మూడో మెట్టు: పోత అక్షరాలు, పార్టు నంబరు

యమహా పార్టు నంబరును మూడు ముక్కలుగా చదవాలి. 1ఎల్1-11631-00 తీసుకోండి. మొదటి మూడు ఆ పార్టు పుట్టిన మోడల్. మధ్య ఐదు అంకెలు అది ఏ పార్టో చెబుతాయి: 11111 హెడ్, 11311 బ్లాక్, 11631 పిస్టన్, 11610 రింగుల సెట్టు. చివరి రెండు అంకెలు తర్వాత జరిగిన మార్పులు. ఓవర్‌సైజు (అరిగిన బ్లాక్‌ను తొలిచాక వేసే పెద్ద సైజు) పిస్టన్లకు మధ్య అంకెలే మారతాయి: 11635 అంటే 0.25 మిల్లీమీటర్లు ఎక్కువ, 11636 అంటే 0.50, 11637 అంటే 0.75, 11638 అంటే 1.00. రింగులకు మాత్రం చివరి అంకెలు 10, 20, 30, 40 అవుతాయి. దుకాణంలో ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే: పిస్టన్ 0.50ది, రింగులు 0.25వి చేతికి వస్తాయి.

ఇంకో సంగతి. మీ బండిలో ఏదైనా పార్టు మీద 1ఎల్1 కాకుండా వేరే కోడ్ ఉంటే వెంటనే డూప్లికేట్ అనకండి. ఒక పార్టు మొదట ఏ మోడల్‌కు తయారైందో ఆ కోడ్‌నే యమహా తర్వాతి మోడళ్లలోనూ కొనసాగిస్తుంది. అనుమానించాల్సింది అక్షరాలు మొద్దుగా, అంచులు కరిగినట్టు ఉన్న పోతను. అసలు పార్టును చూసి అచ్చు తీసిన నకలులో అక్షరాల పదును పోతుంది, రెక్కల అంచులు గరుకుగా ఉంటాయి.

నాలుగో మెట్టు: హెడ్ విప్పి కొలవడం

అమ్మేవాళ్లు ఒప్పుకుంటే ఈ మెట్టు వదలొద్దు. ఆర్ఎక్స్ 100 బోరు (సిలిండర్ లోపలి వెడల్పు) 50, స్ట్రోకు (పిస్టన్ కిందికీ పైకీ కదిలే దూరం) 50 మిల్లీమీటర్లు, అందుకే 98 సీసీ. 135కు స్ట్రోకు అదే 50, బోరు మాత్రం 58, అందుకే 132 సీసీ. వర్నియర్ పెడితే అరనిమిషంలో తేలిపోతుంది. 100 కేసు మీద 135 బ్లాక్ ఎక్కించిన బండ్లు చాలా ఉన్నాయి. అలా ఎక్కించడానికి కేసు నోరు లేత్ మీద తొలుస్తారు. ఆ కేసు మీద మళ్లీ 100 బ్లాక్ పెడితే అడుగున ఆధారం తగ్గుతుంది. "ఎప్పుడైనా పాతది వేసుకోవచ్చు" అంటే నమ్మొద్దు.

బోరును రెండు చోట్ల కొలవాలి. మొదట పై అంచు దగ్గర, అంటే రింగులు తాకని చిన్న పట్టీ మీద. అక్కడ అరుగుదల ఉండదు కాబట్టి చివరిసారి ఏ సైజుకు బోరింగ్ చేశారో అదే చెబుతుంది. తర్వాత 10, 15 మిల్లీమీటర్లు కిందికి, ముందు వెనకగా ఒకసారి, అడ్డంగా ఒకసారి. ఇంకా లోతుకు వర్నియర్ అందదు, దానికి లేత్ షాపులో బోర్ గేజ్ కావాలి. పై అంచు 50.50, కింద 50.62 వస్తే తర్వాతి సైజు 50.75. కానీ అరుగుదల అంతా ఒక వైపే ఉంటే ఆ 0.13లో గీతలు పోవు, నేరుగా 51కి వెళ్లాలి. 51 తర్వాత మామూలు సైజులు అయిపోతాయి, ఇక కొత్త స్లీవో (బ్లాక్ లోపలి గొట్టమో) వేరే బ్లాకో చూసుకోవాలి. "స్టాండర్డ్ బోరు" అని చెప్పిన బండికి పై అంచు 50.75 చూపిస్తే ధర మాట మొదటికి రావాల్సిందే.

పిస్టన్ తల మీద మసి తుడిస్తే సైజు అంకె, బాణం గుర్తు కనిపిస్తాయి. బాణం సైలెన్సర్ వైపు ఉండాలి. తిరగేసి బిగిస్తే రింగు చివరలు పోర్టులో పడి విరుగుతాయి. బోరులో నిలువు గీతలు కార్బొరేటర్ వైపు ఉంటే దుమ్ము లోపలికి పోయిందని అర్థం. మన చెలక దుమ్ము సన్నటి ఇసుకలా ఉంటుంది, ఫిల్టర్ ఫోమ్ చిరిగినా, ఎయిర్ బాక్సు రబ్బరు పగిలినా బోరు త్వరగా పోతుంది. గీతలు సైలెన్సర్ వైపు ఉంటే అది సీజ్ అయిన (పిస్టన్ బోరులో పట్టేసిన) గుర్తు: ఆయిల్ తగ్గడమో, ఇంజిన్‌కు ఆయిల్ అందించే ఆటోల్యూబ్ పంపు ఆగడమో. కొత్త రింగును బోరులో సమంగా దించి చివరల మధ్య ఫీలర్ పెట్టండి. ఈ సైజు బోరుకు 0.15 నుంచి 0.35 మిల్లీమీటర్ల సందు చాలు.

గేర్లు లెక్కపెట్టండి. ఆర్ఎక్స్ 100కు నాలుగే. ఐదోది పడిందంటే గేర్‌బాక్స్ దానిది కాదు. చక్రాలు రెండూ 18 అంగుళాలు, రిమ్ము మీద సైజు కొట్టి ఉంటుంది. టైరు పక్కన నాలుగు అంకెల్లో మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. సైలెన్సర్‌ను మధ్యలో కోసి మళ్లీ అతికించారేమో వేలితో తడిమి చూడండి, క్రోమ్ కింద వెల్డింగ్ గడ్డ తగులుతుంది.

అసలైన మోటోక్రాస్ బండి ఎదురైతే

మట్టి ట్రాక్ రేసుల కోసం బయటి దేశాల నుంచి వచ్చిన యమహా వైజెడ్, సుజుకి ఆర్ఎమ్, హోండా సీఆర్, కవాసాకి కేఎక్స్ బండ్లు గానీ, వాటి ఇంజిన్లు గానీ అప్పుడప్పుడు అమ్మకానికి వస్తాయి. ఇవి రోడ్డు బండ్లు కావు, సంవత్సరం పోల్చుకోవడానికి ఆర్సీ దొరకదు. కంపెనీలు సంవత్సరానికో అక్షరం వాడాయి, ఆ అక్షరాలు ఒకదానితో ఒకటి కలవవు. యమహా వైజెడ్‌కు 1974 ఏ, 1975 బి, 1976 సి, అలా 1981 హెచ్, 1982 జె, 1983 కె, 1984 ఎల్, 1985 ఎన్, 1986 ఎస్. సుజుకి ఆర్ఎమ్‌కు 1976 ఏ, 1977 బి, 1978 సి, 1979 ఎన్, 1980 టి, 1981 ఎక్స్, 1982 జెడ్, ఆ పైన 1983 నుంచి డి, ఇ, ఎఫ్. హోండా సీఆర్‌కు 1980 ఏ, 1981 బి, 1982 సి.

1981 నుంచి అమెరికా మార్కెట్ బండ్ల మీద 17 అక్షరాల నంబరు ఉంటుంది, అందులో పదోది సంవత్సరం: బి 1981, సి 1982, డి 1983. హోండా అక్షరం దీనితో కలుస్తుంది, యమహాది కలవదు. 1982 వైజెడ్ పేరులో జె ఉంటుంది, నంబరులో పదో అక్షరం సి. ఈ రెంటినీ కలగలిపి చదివినవాళ్లు ఆరేళ్లు తప్పి పార్టులు తెప్పించుకుంటారు.

నంబరు చదవడానికి రాకపోతే ఆకారం చూడండి. వెనక ఒకే షాక్‌తో వైజెడ్ మోనోక్రాస్ 1975లో మొదలైంది. 125 సీసీ వైజెడ్, ఆర్ఎమ్, సీఆర్‌లకు నీళ్ల కూలింగ్ 1981లో వచ్చింది. ముందు డిస్క్ బ్రేక్ కవాసాకి కేఎక్స్‌కు 1982లో, వెనక డిస్క్ కేఎక్స్‌కు 1986లో, సీఆర్‌కు 1987లో వచ్చాయి. తలకిందుల ఫోర్కు వైజెడ్, ఆర్ఎమ్‌లకు 1989లో వచ్చింది. గాలి కూలింగ్ ఇంజిన్ ఉన్న 125 సీసీ చాసిస్‌కు ముందు డిస్క్ కనిపిస్తే అది వేరే బండి ఫోర్కే అయ్యుంటుంది.

పార్టు నంబర్లలో పిస్టన్‌ను హోండా 13101తో, సుజుకి 12110తో, కవాసాకి 13001తో మొదలుపెడతాయి. హోండాలో మోడల్ కోడ్ మధ్యలో వస్తుంది: 357 అంటే 1973లో వచ్చిన సీఆర్ 250ఎమ్ ఎల్సినోర్, 360 అంటే సీఆర్ 125ఎమ్.

స్పేర్లకు వెళ్లేముందు

సికింద్రాబాద్‌లోని రాణిగంజ్ స్పేర్ల బజారుకు వెళ్లినా, ఊళ్లో తెలిసిన దుకాణంలో ఆర్డరిచ్చినా "ఆర్ఎక్స్ పిస్టన్" అని అడగొద్దు. పాత పార్టు చేతిలో పట్టుకెళ్లండి. చీటీ మీద నాలుగు రాయండి: మోడల్ కోడ్, మధ్య ఐదు అంకెలు, బోరు పై అంచు కొలత, అరిగిన చోట కొలత. పిస్టన్, పిన్ను, రింగులు, క్లిప్పులు ఒకే డబ్బాలోవి తీసుకోండి. ముందు పిస్టన్ కొని, దాని అడుగు భాగాన్ని మైక్రోమీటర్‌తో కొలిపించి, ఆ కొలతకే బోరింగ్ చేయించాలి. బోరింగ్ ముందు చేయించి పిస్టన్ కోసం తిరిగితే, కంపెనీ మారినప్పుడల్లా సందు మారి, బండి మొదటి వారంలోనే పట్టేస్తుంది.