పాత కథలు అడిగేటప్పుడు ఫొటో చేతిలో పెట్టండి

"మీ తాతగారి గురించి చెప్పండి" అంటే పెద్దవాళ్లు రెండు ముక్కలు చెప్పి ఆగిపోతారు. అదే ఓ పాత ఫొటో చేతికిచ్చి, "ఈ పక్కన నిలబడింది ఎవరు? ఏం పని చేసేవారు?" అని అడిగి చూడండి, గంటసేపు చెబుతారు. వాళ్లకు చెప్పి ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. సంవత్సరం గుర్తులేకపోతే ఒత్తిడి చేయొద్దు. పెళ్లికి ముందా, పెద్దబ్బాయి పుట్టాకా అని అడిగితే కాలం దాదాపుగా తేలిపోతుంది.

ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాసుకోండి, ఎవరు ఎప్పుడు చెప్పారో కూడా. ఇదే అన్నిటికన్నా ముఖ్యం. తర్వాత పాత దస్తావేజో, స్కూల్ రికార్డో దొరికితే సరిచూసుకోవచ్చు. ఫొటో వెనక పేర్లు మెత్తటి పెన్సిల్‌తోనే రాయండి, పెన్ను ఇంకు ముందువైపుకి దిగొచ్చు. బతికున్నవాళ్ల వివరాలు మాత్రం వాళ్లని అడిగాకే నలుగురికీ పంపండి.