సీఏ చదవకుండా నలుగురికీ ఐటీ రిటర్న్ వేసిపెట్టడం ఎలా?

నేను చదివింది బీఏ. అయినా జులై వచ్చిందంటే మా దిల్‌సుఖ్‌నగర్ అపార్ట్‌మెంట్‌లో సగం ఫారమ్-16లు (ఏడాది జీతం, అందులో కోసిన పన్ను చూపుతూ కంపెనీ ఇచ్చే పత్రం) నా టేబుల్ మీదే ఉంటాయి. ఇంకొకరి రిటర్న్ నింపిపెట్టడానికి డిగ్రీతో పని లేదు. ఆడిట్ రిపోర్ట్ మీద సంతకం, ఏసీ గార్డ్స్‌లోని ఆదాయపన్ను ఆఫీసు ఐటీ టవర్స్‌లో అధికారి ముందు వాదన మాత్రం మనవి కావు. ఎవరైనా 'సీఏ గారూ' అని పిలిస్తే అక్కడికక్కడే సరిదిద్దండి. సీఏ కానివాళ్లు ఆ పేరు పెట్టుకోవడం 1949 నాటి చట్టం ప్రకారం నేరం.

పాన్, ఆధార్, ఫారమ్-16, బ్యాంక్ స్టేట్‌మెంట్, ల్యాప్‌టాప్ ఉంటే చాలు. ఫోన్‌లో చేయకండి. జీతం, బ్యాంకు వడ్డీ ఉన్నవాళ్లనే ఒప్పుకోండి. ఎఫ్ అండ్ ఓ (షేర్ మార్కెట్‌లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ట్రేడింగ్) అన్న మాట వినిపిస్తే టీ ఇచ్చి పంపేయండి. ఆదాయపన్ను శాఖ పోర్టల్‌లో మొబైల్, మెయిల్ వాళ్లవే ఉండాలి. ఓటీపీ అడగడం విసుగని కొందరు అందరికీ తమ నంబరే పెడతారు. రేపు నోటీసు వస్తే అసలు మనిషికి కబురే ఉండదు.

ఇక అందరూ బోల్తా పడేది ఏఐఎస్ దగ్గర. అంటే ఆ పాన్ మీద ఏడాదిలో నమోదైన జీతం, వడ్డీ లాంటివన్నీ చూపే పట్టిక. జీతం ముందే నింపి ఉంది కదా అని సబ్మిట్ కొట్టేస్తారు. ఏఐఎస్ డౌన్‌లోడ్ చేయండి. పాస్‌వర్డ్: చిన్న అక్షరాల్లో పాన్, దాని వెంటే పుట్టిన తేదీ. ప్రింట్ తీసి ఒక్కో వరుసకూ పెన్సిల్‌తో టిక్ పెట్టండి. స్క్రీన్ మీద చూస్తే కన్ను జారిపోతుంది.

మాదాపూర్‌లో పనిచేసే మా పైఅంతస్తు కుర్రాడు నవంబరులో కంపెనీ మారాడు. కొత్త కంపెనీ ఫారమ్-16 ఒక్కటే తెచ్చి, "ట్యాక్స్ అంతా కట్ అయింది అంకుల్" అన్నాడు. ఏఐఎస్‌లో చూస్తే రెండు కంపెనీలు. రెండూ ఎవరికి వారు 75,000 స్టాండర్డ్ డిడక్షన్ (జీతంలోంచి ఏడాదికి ఇచ్చే మినహాయింపు) ఇచ్చేశాయి, పన్ను శ్లాబులూ మొదటి నుంచి లెక్కేశాయి. కలిపితే ఎదురు కట్టాల్సి వచ్చింది. కుర్రాడి మొహం మాడిపోయింది. పోర్టల్‌లోని ఈ-పే ట్యాక్స్‌లో కట్టించి, చలానా వివరాలు ఎక్కించాకే సబ్మిట్ నొక్కాను.

ఎఫ్‌డీ వడ్డీదీ ఇదే గోల. బ్యాంకు దగ్గరే టీడీఎస్ (ముందే కోసే పన్ను) కట్ అయినా ఆ వడ్డీ చూపించాల్సిందే. అలాగని ఏఐఎస్ వేదమేమీ కాదు. వాళ్లది కాని ఎంట్రీ కనిపిస్తే అక్కడే ఫీడ్‌బ్యాక్ ఇవ్వండి.

లేని అద్దె, ఇవ్వని విరాళం చూపించి, వచ్చిన రీఫండ్‌లో వాటా పుచ్చుకునే ఏజెంట్లున్నారు. దొరికితే ఎగ్గొట్టిన పన్ను మీద 200 శాతం దాకా జరిమానా, అదీ ఏజెంటుకు కాదు, పాన్ ఉన్నవాడికి. ఫీజు ఎప్పుడూ ముందే చెప్పి తీసుకోవాలి. నాది రీఫండ్ వచ్చినా రాకపోయినా 500.

చివరగా, మనిషి ఎదురుగా ఉండగానే ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై (రిటర్న్ తనదేనని ఆన్‌లైన్‌లో ధ్రువీకరించడం) చేయించండి. రిటర్న్ వేశాక 30 రోజులు దాటితే వెరిఫై చేసిన రోజే రిటర్న్ వేసినట్టు లెక్క. జులై 31న వేసి ఇంటికెళ్లి మర్చిపోయిన మా బావ 5,000 లేట్ ఫీజు కట్టాడు. అది నావల్లే పోయిందని ఇప్పటికీ పెళ్లిళ్లలో చెబుతుంటాడు.