కొత్త మహానగరంలో తిరగడం ఎలా? మెట్రో, బస్సు, టాక్సీల్లో ఎప్పుడు ఏది ఎక్కాలి

చూడాల్సిన చోట్ల జాబితా అందరూ రాసుకుంటారు. తిరిగే సంగతి మాత్రం దిగాక చూసుకుందాంలే అని వదిలేస్తారు. నిజానికి దారి ఖర్చూ, అలసటా గది బుక్ చేసే రోజునే సగం తేలిపోతాయి.

1. స్టేషన్ చూసుకుని గది తీసుకోండి

గది ఊరి నడిబొడ్డున ఉందా లేదా అన్నది పెద్ద లెక్క కాదు. మెట్రో స్టేషన్‌కు పది నిమిషాల నడకలో ఉంటే చాలు. రెండు లైన్లు కలిసే స్టేషన్ అయితే మరీ మంచిది, ఒకటి ఆగినా ఇంకో దారి ఉంటుంది. ‘స్టేషన్‌కు అతి దగ్గర’ అన్న హోటల్ మాట నమ్మేయకుండా మ్యాప్‌లో నడక దారి పెట్టి చూడండి. మధ్యలో రైలు పట్టాలో, ఫ్లైఓవరో అడ్డొస్తే కూతవేటు దూరం కూడా పావుగంట నడకవుతుంది.

2. ఎయిర్‌పోర్టు నుంచి ఎలా వెళ్లాలో ముందే తేల్చుకోండి

నిద్రలేని కళ్లతో, చేతిలో పెట్టెలతో తీసుకునే నిర్ణయాలు జేబుకు చిల్లు పెడతాయి. వేగంగా వెళ్లే రైలే మేలని కూడా అనుకోవద్దు. లండన్ హీత్రో నుంచి ఊళ్లోకి హీత్రో ఎక్స్‌ప్రెస్, ఎలిజబెత్ లైన్, పికడిలీ లైన్ అని మూడు రైలు దారులున్నాయి. ఎక్స్‌ప్రెస్ పావుగంటలో ప్యాడింగ్టన్ చేరుస్తుంది, నిజమే. కానీ మీ బస పికడిలీ లైన్ మీదే ఉంటే, పెట్టెలతో బండి మారే బాధ లేని ఆ నెమ్మది రైలే హాయి. నలుగురు కలిసి దిగినా, అర్ధరాత్రి దిగినా టాక్సీయే నయం. అయితే వరుసలో నిలబడి ఎక్కండి. బయటికి రాగానే ఎదురొచ్చి ‘టాక్సీ కావాలా’ అని అడిగేవాళ్ల వెంట పోవద్దు.

3. మెట్రో మ్యాప్‌ను సరిగ్గా చదవండి

చాలా మెట్రో మ్యాపుల్లో దూరాలు నిజం కావు. 1933లో లండన్‌లో హ్యారీ బెక్ గీసిన పటం వచ్చినప్పటి నుంచి అదే పద్ధతి ప్రపంచమంతా పాకింది. తిన్నని గీతలు, సమానమైన ఎడాలు. చదవడానికి సుఖమే గానీ, అక్కడి లెస్టర్ స్క్వేర్ నుంచి కోవెంట్ గార్డెన్‌కు రైలెక్కేవాళ్లను చూస్తే జాలేస్తుంది. నడిస్తే ఐదారు నిమిషాలే! ఒకటి రెండు స్టేషన్ల దూరమైతే ముందు నడక దారి చూడండి. మెట్లు దిగి, బండి కోసం ఆగి, మళ్లీ పైకెక్కే సమయాన్నీ లెక్కలో వేసుకోవాలి.

ఎక్కే ముందు మూడు సంగతులు చూసుకోండి: ఆ లైన్ చివరి స్టేషన్ పేరు, బండి అన్నిచోట్లా ఆగుతుందా లేదా, దిగాక ఏ గేటు నుంచి బయటపడాలి. న్యూయార్క్‌లో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మీ స్టేషన్ కళ్ల ముందే దాటిపోవచ్చు. టోక్యో షింజుకు స్టేషన్‌కు 200కు పైగా బయటి దారులున్నాయి. గేటు నంబరు తెలియకుండా అక్కడ దిగితే లోపలే ఒక ఊరు తిరిగినట్టవుతుంది.

ఫోన్‌లో నగరం మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకున్నా, గూగుల్ మ్యాప్స్ నెట్ లేకుండా రైలు, బస్సు దారులు చెప్పదు. మెట్రో పటాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

4. పాస్ కొనేముందు లెక్క వేయండి

పర్యాటకుల పాస్ చూడగానే కొనేయొద్దు. రోజుకు ఎన్నిసార్లు ఎక్కుతారో వేళ్ల మీద లెక్కపెట్టండి. పొద్దున్న ఒకవైపు వెళ్లి సాయంత్రం వరకూ అక్కడే నడిచేవాళ్లకు పాస్ దండగ. లండన్ లాంటి చోట్ల కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డును గేటు దగ్గరి మెషీన్‌కు తాకించి వెళ్తే చాలు, రోజు ఛార్జీ ఒక పరిమితి దాటదు. కాకపోతే రోజంతా ఒకే కార్డు వాడాలి. అదే కార్డును ఫోన్‌లో పెట్టుకుని కాసేపు ఫోన్, కాసేపు కార్డు తాకిస్తే రెండూ వేర్వేరు లెక్కల్లోకి పోతాయి. ట్యూబ్ (లండన్ మెట్రో) రైలు దిగాక కార్డు తాకించడం మరిచిపోతే అత్యధిక ఛార్జీ పడుతుంది. బస్సులో మాత్రం ఎక్కేటప్పుడు తాకిస్తే సరిపోతుంది.

గేట్లు లేవు కదా అని టికెట్ లేకుండా ఎక్కొద్దు. బెర్లిన్ మెట్రోలో గేట్లుండవు గానీ తనిఖీ ఉంటుంది, దొరికితే జరిమానా. ముద్ర లేని కాగితం టికెట్‌పై ఎక్కేముందే మెషీన్‌లో ముద్ర వేసుకోవాలి.

5. ఏ దూరానికి ఏది?

రద్దీ వేళ దూరం పోవాలంటే మెట్రో. తీరిక ఉండి ఊరు చూడాలనుకుంటే మామూలు సిటీ బస్సు. దాని కిటికీ పక్క సీటు ముందు ఖరీదైన టూరిస్టు బస్సు నాకు దండగనిపిస్తుంది. నీళ్ల ఒడ్డున ఉన్న నగరమైతే జనం రోజూ ఎక్కే ఫెర్రీని వదలొద్దు. ఇస్తాంబుల్‌లో మెట్రోకు వాడే ఇస్తాంబుల్‌కార్ట్ అనే కార్డుతోనే ఫెర్రీలో బాస్ఫరస్ జలసంధి దాటేయొచ్చు. కారు అద్దెకు తీసుకోవడం ఊరి బయటి ప్రయాణాలకే. లోపల పార్కింగ్ వెతుక్కోవడంతోనే పొద్దుపోతుంది.

6. చివరి బండి వేళ పొద్దున్నే చూసుకోండి

న్యూయార్క్ సబ్‌వే రాత్రంతా నడుస్తుంది. టోక్యోలో అర్ధరాత్రి తర్వాత రైళ్లు ఆగిపోయి, తిరిగి తెల్లవారుజామునే మొదలవుతాయి. మధ్యలో లైన్ మారాల్సి ఉంటే, ఆ రెండో లైన్‌లో చివరి బండి ఎప్పుడో కూడా చూడాలి. మొదటి బండి అందుకున్నామన్న ధీమాతో వెళ్లి, మారే స్టేషన్‌లో చిక్కుకుపోయేవాళ్లే ఎక్కువ. అలాంటి రాత్రి కోసం అక్కడ నడిచే టాక్సీ యాప్‌లో కార్డు వివరాలు ముందే ఎక్కించి, గది చిరునామాను స్థానిక భాషలో ఫోన్‌లో ఉంచుకోండి.