మైన్‌క్రాఫ్ట్ సర్వర్‌లో ప్లగిన్ ఎర్రర్ ఇస్తే రిపోర్ట్ ఎలా రాయాలి

"ప్లగిన్ పనిచేయట్లేదు బ్రో, అర్జెంట్" అని రాసి, మానిటర్‌ని ఫోన్‌తో ఫొటో తీసి పెడితే ఆ ప్లగిన్ (సర్వర్‌కి కొత్త సదుపాయాలు చేర్చే ప్రోగ్రామ్) రాసినవాడు ఏం చేస్తాడు చెప్పండి? అతనికి కావాల్సింది లాగ్, అంటే సర్వర్‌లో జరిగింది వరసగా రాసుకునే ఫైల్, అదీ మొత్తం లాగ్.

సర్వర్ ఫోల్డర్‌లో లాగ్స్ అనే ఫోల్డర్ ఉంటుంది, అందులో లేటెస్ట్ డాట్ లాగ్ తెరవండి. సర్వర్ రీస్టార్ట్ చేశాక పాత లాగ్ తేదీ పేరుతో జీజెడ్ (కుదించిన) ఫైల్‌గా పక్కకెళ్లిపోతుంది, కాబట్టి నిన్నటి ఎర్రర్ ఇవాళ్టి ఫైల్‌లో వెతికి లాభం లేదు. పైనుంచి చదువుతూ రండి. మొదట వచ్చిన ఎర్రరే ముఖ్యం, కింద వచ్చే వందల లైన్లు చాలాసార్లు దాని పిల్లలే.

"కుడ్ నాట్ పాస్ ఈవెంట్ ప్లేయర్‌జాయిన్‌ఈవెంట్ టు..." అని ఒక లైన్ కనిపిస్తుంది, దాని చివర ప్లగిన్ పేరు, వెర్షన్ ఉంటాయి. అయితే తప్పు దానిదే అని అప్పుడే ఫిక్స్ అయిపోకండి. కిందికి వెళ్లి చివరి "కాజ్డ్ బై" దగ్గర ఆగండి, అసలు కారణం చెప్పే లైన్ అదే. పేపర్ (ప్లగిన్లు నడిపే ఒక సర్వర్ సాఫ్ట్‌వేర్) అయితే దాని కింది లైన్ల చివర బ్రాకెట్లలో జార్ ఫైల్, అంటే ప్లగిన్ ఫైల్ పేరు కూడా వస్తుంది. పైన షాప్ ప్లగిన్ పేరుండి, ఇక్కడ మొదటి లైన్లలో ఎకానమీ ప్లగిన్ జార్ కనిపిస్తే, ముందు తట్టాల్సింది ఎకానమీ వాళ్ల తలుపు.

కొన్ని ఎర్రర్లకు రిపోర్టే అక్కర్లేదు. "అన్‌సపోర్టెడ్‌క్లాస్‌వెర్షన్ఎర్రర్" వచ్చి, అందులో 65, 61 అని అంకెలుంటే ప్లగిన్‌కి జావా (సర్వర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) 21 కావాలి, మీ దగ్గర 17 ఉందని అర్థం, జావా మార్చుకుంటే సరి. "అన్‌నోన్ డిపెండెన్సీ" అంటే దానికి తోడుగా ఉండాల్సిన ఇంకో ప్లగిన్ మీరు వేయలేదు. రీలోడ్ కమాండ్ (సర్వర్ ఆపకుండానే ప్లగిన్లని మళ్లీ లోడ్ చేసేది) కొట్టాక వచ్చిన ఎర్రర్ అయితే సర్వర్ పూర్తిగా ఆపి మళ్లీ స్టార్ట్ చేసి చూడండి. సగం గోల అక్కడే పోతుంది.

అప్పటికీ వస్తుంటే, టెస్ట్ సర్వర్‌లో ఆ ప్లగిన్, దానికి కావాల్సినవి మాత్రమే ఉంచి ప్రయత్నించండి. ఎర్రర్ రాలేదంటే ఏదో రెండు ప్లగిన్లకి పడట్లేదన్నమాట, మిగతావి సగం సగం చొప్పున తిరిగి పెడుతూ వెళితే ఆ రెండోది త్వరగానే దొరుకుతుంది. ఈ పని విసుగే, కానీ మీ కోసం ఇంకెవరూ చేయరు.

రిపోర్ట్‌లో వెర్షన్ కమాండ్ ఇచ్చిన జవాబు అలాగే అతికించండి ("లేటెస్ట్ వాడుతున్నా" అనొద్దు, రేపటికి లేటెస్ట్ వేరే ఉంటుంది), ప్లగిన్ వెర్షన్, ఏం చేస్తే వస్తుందో వరసగా, ఆన్‌లైన్‌లో పెట్టిన లాగ్ లింక్ కూడా ఇవ్వండి. లాగ్‌లో ప్లేయర్ల ఐపీ అడ్రస్‌లు, కాన్ఫిగ్ (సెట్టింగ్స్ ఫైల్)లో డేటాబేస్ పాస్‌వర్డ్ ఉండొచ్చు, పెట్టేముందు అవి చెరిపేయండి. టైటిల్ మాత్రం "పేపర్ 1.21.4లో హోమ్ కమాండ్ కొడితే నల్ పాయింటర్ ఎక్సెప్షన్" అన్నట్టు ఉండాలి.