ఫ్రాంచైజీ ఒప్పందం చదవడం నేర్చుకుందాం - 3వ పాఠం: రోజుల లెక్క

కిందటి పాఠంలో కెనడాలో ఏ ప్రావిన్సుకు ఫ్రాంచైజీ చట్టం ఉందో, దేనికి లేదో చూశాం. అల్బెర్టా 1971లోనే చట్టం తెచ్చింది. సస్కాచువాన్ చట్టం 2025 జూన్ 30న అమల్లోకి వచ్చింది. క్యూబెక్‌లో విడిగా చట్టం లేదు, అక్కడ సివిల్ కోడే దిక్కు. ఈ పాఠం మాత్రం ఆంటారియో గురించి. బ్రాంప్టన్, మిస్సిసాగాల్లో ఉంటూ కాఫీ షాపో, పిజ్జా షాపో తీసుకుందామా అని ఆలోచించే మనవాళ్లకు ముందుగా పనికొచ్చేది ఇదే.

అక్కడి చట్టం పేరు ఆర్థర్ విషార్ట్ చట్టం, 2000. దాని ప్రకారం ఫ్రాంచైజీ ఇచ్చే కంపెనీ మీకు డిస్‌క్లోజర్ డాక్యుమెంట్ ఇవ్వాలి. కంపెనీ చరిత్ర, దాని మీదున్న కేసులు, ఆర్థిక నివేదికలు, షాపు తెరవడానికయ్యే ఖర్చు, మీరు సంతకం పెట్టబోయే ఒప్పందాల కాపీలు అన్నీ అందులో ఉండాలి. మీరు సంతకం పెట్టడానికి లేదా డబ్బు కట్టడానికి, రెండింటిలో ఏది ముందైతే దానికి కనీసం 14 రోజుల ముందే అది మీ చేతిలో ఉండాలి. 2020 సెప్టెంబరు నుంచి ఒక సడలింపు వచ్చింది: తిరిగి ఇచ్చేసే షరతు మీద, పరిమితికి లోబడి తీసుకునే చిన్న డిపాజిట్‌కు ఈ గడువు వర్తించదు. కాబట్టి అడ్వాన్స్ అడిగితే, 'ఇది తిరిగొస్తుందా?' అన్న ప్రశ్నకు జవాబు కాగితం మీద రాయించుకోండి. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న. సేల్స్ వాళ్ల నోటిమాట విలువ అంతే.

డాక్యుమెంట్ రాగానే మొదటి పేజీ తెరవకండి. సర్టిఫికెట్ ఉన్న పేజీకి వెళ్లండి. 'ఇందులో అబద్ధం లేదు, చట్టం అడిగినవన్నీ ఉన్నాయి' అని కంపెనీ తరఫున ధ్రువీకరించే పేజీ అది. దాని మీద ఇద్దరు డైరెక్టర్లో అధికారులో సంతకం పెట్టాలి. కంపెనీకి ఉన్నదే ఒక్కరైతే ఒక సంతకం చాలు. ఇద్దరుండీ ఒక్కరే పెట్టారా? తేలిగ్గా తీసుకోవద్దు. 2017లో ఒక టైర్ల, ఆటో సర్వీస్ షాపు కేసులో సరిగ్గా ఇదే జరిగింది. ఆర్థిక నివేదికల్లోనూ లోపం ఉంది. కింది కోర్టు ఒప్పందం రద్దుకు ఒప్పుకోలేదు. ఆంటారియో అప్పీలు కోర్టు మాత్రం రెండో సంతకం లేకపోవడాన్ని చిన్న పొరపాటుగా కొట్టిపారేయలేదు, రద్దు చెల్లుతుందని తేల్చింది.

ఇప్పుడు అసలు లెక్క. డాక్యుమెంట్ ఆలస్యంగా ఇచ్చినా, అందులో ఉండాల్సినవి లేకపోయినా, అది అందిన రోజు నుంచి 60 రోజుల్లోపు ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. అసలు ఇవ్వకపోతే సంతకం పెట్టిన రోజు నుంచి రెండేళ్లు. లోపం మరీ పెద్దదైతే, అసలు ఇవ్వనట్టే లెక్కగట్టి కోర్టులు రెండేళ్ల గడువే ఇస్తున్నాయి. పైన చెప్పిన కేసు అలాంటిదే. రద్దు చేస్తే కంపెనీ 60 రోజుల్లో మీ డబ్బు తిరిగివ్వాలి, సరుకూ సామానూ వెనక్కి కొనాలి, షాపు పెట్టి నడపడంలో వచ్చిన నష్టమూ పూడ్చాలి. అందుకే కంపెనీలకు ఈ సెక్షన్ అంటే అంత టెన్షన్. 'నాకు ఈ హక్కులు వద్దు' అని మీ చేత ముందే రాయించుకున్నా అది చెల్లదు.

డాక్యుమెంట్ చివర్లో ఇంకో జాబితా ఉంటుంది: ఇప్పుడు షాపులు నడుపుతున్నవాళ్లు, వదిలేసి వెళ్లినవాళ్లు. వెళ్లిపోయినవాళ్లకే ముందు ఫోన్ చేయండి. ఎందుకు వదిలేశారో, రాయల్టీ (అమ్మకాల్లోంచి కంపెనీకి కట్టే వాటా), అద్దె పోగా చేతికి ఎంత మిగిలేదో అడగండి. కంపెనీ ఇచ్చే రంగుల బ్రోషర్ ఈ సంగతులు చెప్పదు.

అభ్యాసం: డాక్యుమెంట్ మార్చి 1న అందింది. కంపెనీ తొందరపెడితే మార్చి 12న సంతకం పెట్టి, ఫీజు కట్టేశారు. రద్దుకు ఆఖరి రోజు ఏది?

మే 11 అని రాసినవాళ్లు సంతకం రోజు నుంచి లెక్కపెట్టారు. 14 రోజులు నిండకముందే సంతకం తీసుకున్నారు కాబట్టి రద్దు హక్కు ఉంది, కానీ గడువు డాక్యుమెంట్ అందిన రోజు నుంచే నడుస్తుంది. జవాబు ఏప్రిల్ 30. అందుకే డాక్యుమెంట్ ఏ రోజున అందిందో దాని మీదే రాసుకోండి, ఈమెయిల్‌లో వస్తే ఆ మెయిల్ తీసేయకండి.

వచ్చే పాఠంలో ఆర్థిక నివేదికలు. కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి.