అటక మీద పడేసిన 486 కంప్యూటర్‌ను మళ్లీ నడిపించడం ఎలా?

పాత కంప్యూటర్‌ను అటక మీంచి దింపగానే ఎవరికైనా చెయ్యి ప్లగ్ వైపే పోతుంది. ఆన్ అవుతుందేమో చూద్దామని ఆత్రం. అలా మాత్రం చేయకండి. ఇన్నేళ్లూ బాగున్న బోర్డు ఆ ఒక్క నిమిషంలో కాలిపోవచ్చు. తొంభైల్లో మన ఇళ్లకు, డీటీపీ సెంటర్లకు వచ్చిన 486లలో (486 రకం ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్లు) విడిభాగాలు కొని బిగించిన అసెంబుల్డ్ సిస్టమ్‌లు చాలా ఉన్నాయి. అలాంటివాటికి కంపెనీ మాన్యువల్ ఉండదు. మదర్‌బోర్డు మీద అచ్చయిన మోడల్ నంబరుతో నెట్‌లో వెతికితే జంపర్ల (బోర్డు సెట్టింగులు మార్చే చిన్న పిన్నుల) వివరాలు తరచూ దొరుకుతాయి.

మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్, తెల్ల వెనిగర్, డిస్టిల్డ్ వాటర్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్ దగ్గర పెట్టుకోండి. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో ఒకసారి తిరిగి రండి, చిల్లర సామాను చాలావరకు అక్కడే దొరుకుతుంది.

1. బ్యాటరీ పీకేయండి

క్యాబినెట్ విప్పి, వైర్లు ఎక్కడివక్కడ ఉండగానే ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి. కీబోర్డు సాకెట్ దగ్గర చిన్న పీపాలా బోర్డుకే టంకం వేసిన బ్యాటరీ కనిపిస్తే, అసలు శత్రువు అదే. అది 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ. ఏళ్లు గడిచేకొద్దీ అందులోంచి పొటాషియం హైడ్రాక్సైడ్ కారి, రాగి గీతల వెంట పాకి వాటిని తినేస్తుంది. పచ్చగా చిలుము పట్టి ఉంటే ఇప్పటికే కారిందని అర్థం.

గ్లౌజులు వేసుకుని బ్యాటరీని కత్తిరించి తీసేయండి. కారినది క్షారం కాబట్టి వెనిగర్‌తో విరుగుతుంది. బ్రష్‌తో రుద్ది, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఆల్కహాల్‌తో తుడిచి, ఒక రోజంతా ఫ్యాన్ కింద ఆరనివ్వండి. ఆ తర్వాతిది ఓపిక పని. చిలుము పట్టిన ప్రతి గీతకూ రెండు చివర్లా, బీప్ మోడ్‌లో ఉంచిన మల్టీమీటర్ పెట్టి చూడాలి. బీప్ రాకపోతే గీత తెగినట్టే. పై పూతను రాగి మెరిసేదాకా గీకి, సన్నటి వైరుతో అతుకు వేయండి. కీబోర్డు పనిచేయని బోర్డుల్లో తప్పు చాలాసార్లు ఇక్కడే ఉంటుంది.

పాత బ్యాటరీ ఉన్నచోట సీఆర్2032 బిళ్లను నేరుగా అతికించకండి. బోర్డు దాన్ని చార్జ్ చేయాలని చూస్తుంది, బిళ్ల పేలే ప్రమాదం ఉంది. మధ్యలో కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్ వేయాలి. బయటి బ్యాటరీకి నాలుగు పిన్నుల కనెక్టర్ ఉంటే, బోర్డు వివరాల్లో చెప్పిన వోల్టేజీకి సరిపడా పెన్సిల్ సెల్స్ హోల్డర్ తగిలించడం ఇంకా తేలిక.

2. ఎస్‌ఎంపీఎస్‌ను (కంప్యూటర్‌కు కరెంటు సరఫరా చేసే డబ్బాను) విడిగా చూడండి

అమెరికా నుంచి తెచ్చిన సిస్టమ్ అయితే వెనక ఎర్ర స్విచ్ 115 మీద ఉండొచ్చు. 230కి మార్చకుండా మన కరెంటు ఇస్తే ఢామ్మంటుంది. ఇంకో సంగతి, ఈ తరం ఏటీ రకం క్యాబినెట్లలో ముందున్న పవర్ బటన్‌కు నేరుగా మెయిన్స్ కరెంటే వస్తుంది. ప్లగ్ తీయకుండా దాని వైర్లు ముట్టుకోవద్దు. ఎస్‌ఎంపీఎస్ డబ్బానూ, పాత మానిటర్‌నూ అనుభవం లేకుండా విప్పవద్దు. కరెంటు తీసేశాక కూడా షాక్ కొడతాయి.

పోయినా పర్లేదనుకున్న హార్డ్‌డిస్క్‌ను లోడ్‌గా తగిలించి వోల్టేజీ కొలవండి. ఎర్ర వైరులో 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య, పసుపు వైరులో 12కు దగ్గరగా రావాలి. బోర్డుకు పెట్టే పీ8, పీ9 కనెక్టర్లు ఒకేలా ఉంటాయి. రెండింటి నల్ల వైర్లూ మధ్యలో పక్కపక్కనే రావాలి. తారుమారైతే బోర్డు మీద ఆశ వదులుకోవాల్సిందే.

3. అత్యవసరమైనవే పెట్టి ఆన్ చేయండి

ప్రాసెసర్, ర్యామ్, డిస్‌ప్లే కార్డు, స్పీకర్ చాలు. 30 పిన్నుల ర్యామ్ అయితే 486లో నాలుగేసి పెట్టాలి. కాంటాక్టులను ఆల్కహాల్‌తో తుడవండి. ఏఎంఐ కంపెనీ బయోస్‌లో (ఆన్ చేయగానే మొదట నడిచే, బోర్డులోని ప్రోగ్రాం) ఎనిమిది బీప్‌లు వస్తే డిస్‌ప్లే కార్డు తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టండి.

4. డిస్క్‌లో ఉన్నది కాపీ చేయండి

ఫార్మాట్ చేసే ముందు లోపల ఏముందో చూడండి. డీటీపీ సెంటర్‌లో వాడిన సిస్టమ్ అయితే తెలుగు ఫైళ్లతో పాటు వాటి ఫాంట్లనూ కాపీ చేసుకోవాలి. యూనికోడ్‌కు (అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి కోడ్) ముందటి ఫైళ్లు ఆ ఫాంటు లేకపోతే పిచ్చిగీతల్లా కనిపిస్తాయి. ఎన్ని పెళ్లి శుభలేఖలు, ఊరి సావనీర్లు అలా చదవలేకుండా మిగిలిపోయాయో!

రోజూ వాడుకోవడానికి పాత డిస్క్ కన్నా అడాప్టర్‌తో కాంపాక్ట్‌ఫ్లాష్ మెమరీ కార్డు నయం. తొలి బయోస్‌లు 504 ఎంబీ దాటి చూడలేవు కనుక చిన్న కార్డు చాలు. డాస్ 6.22, విండోస్ 3.1 రెండూ వేసినా ఇంకా బోలెడు చోటు మిగులుతుంది.

5. పసుపెక్కిన ప్లాస్టిక్

ఇది ఇష్టమైతేనే. బ్యూటీ పార్లర్‌లలో వాడే 12 శాతం పెరాక్సైడ్ క్రీము పూసి, పైన పారదర్శక కవరు చుట్టి ఎండలో పెడితే రంగు చాలావరకు తిరిగొస్తుంది. మధ్యమధ్యలో తిప్పకపోతే మచ్చలు పడతాయి. ఎండకు క్రీము ఎండిపోనివ్వకండి, గ్లౌజులు మర్చిపోకండి. కొన్నాళ్లకు మళ్లీ పసుపెక్కవచ్చు, అందుకే నేనైతే క్యాబినెట్‌ను సబ్బునీళ్లతో కడిగి వదిలేస్తాను.